రోలా గోడ మీద అగ్గి గుట్ట

మా అబ్బాయి మొన్న ఫోనుకు ఫొటోలు పంపాడు. వాడు దుబాయ్‌లో ఏదో కూర్చుని చేసే ఉద్యోగం చేస్తాడు. అల్ కుసైస్‌లో మంచి ఫ్లాటు, చల్లటి గదులు. నాలుగు రోజులు సెలవు కలిసొస్తే పెళ్లాం పిల్లలతో విమానమెక్కి ఫిలిప్పీన్స్ పోయి, అక్కడ కమిగీన్ అనే చిన్న దీవిలో తిరిగొచ్చారట. పచ్చటి కొండ, కొండ నెత్తిన మబ్బు, జలపాతం కింద నా మనవరాలు వణుకుతూ నవ్వుతున్న ఫొటో. కింద వాడి రాత: 'బాపూ, ఇసొంటి జాగ నీ జన్మల చూసినవా?' నాకు ఒళ్లు మండింది. డెబ్బైకి దగ్గర పడ్డ తండ్రిని అడిగే తీరేనా అది? అద్దాలు పెట్టుకుని ఆ కొండను వేళ్లతో పెద్దది చేసి చూశాను. 'గుట్టకు ఎడమ పక్క పెద్ద లోయ ఉండాలె. నీ ఫొటోల రాలేదు. నువ్వు నిలవడ్డ జాగ తప్పు' అని రాసి పంపాను. నిమిషం తిరక్కుండా ఫోను చేశాడు. "నీకెట్ల తెలుసు బాపూ?" అన్నాడు. "నా చేతులతోని చేసిన గుట్ట నాకు తెల్వదారా?" అన్నాను. వాడు, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాడు. ఫోనులో తేలే సంగతి కాదని పెట్టేశాను. వాడు పుట్టకముందు మాట అది, వాళ్లమ్మ నా ఇంటికి రాకముందు మాట. ఇప్పుడన్నా రాసి పెడితే తీరిక ఉన్నప్పుడు చదువుకుంటాడు.

నాది కోరుట్ల దగ్గరి ఊరు. చిన్నప్పటి నుంచీ బోర్డులు రాసి బతికినవాణ్ని. కిరాణా కొట్టు, బట్టల దుకాణం, సైకిల్ షాపు, ఎవరిదైనా సరే, అక్షరం పక్కన నీడ వేస్తే అది గోడ మీంచి లేచొచ్చినట్టు ఉండేది. ఆ మంచి పేరే నా కొంప ముంచింది. షార్జాలో బోర్డుల పెయింటర్ కావాలని ఒక ఏజెంటు వెతుకుతుంటే అందరూ నా వైపే వేలు చూపించారు. ఇరవై మూడేళ్లకు అక్కడ దిగాను, మా ఊళ్లోవాళ్లకు మాత్రం అదీ దుబాయే. ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్డు, దాని వెనకే మేం పడుకునే గది, ఆరు మంచాలు. ఎనామిల్ రంగు, టర్పెంటైన్, కోసిన చెక్క, పక్క గ్యారేజీలో కాలిన ఇంజను నూనె, ఇవన్నీ కలిసిన వాసనలో అన్నం వండుకునేవాళ్లం. మొదటి నెల ముద్ద నోట్లోకి పోలేదు. తర్వాత ఆ వాసన లేని అన్నం ఎట్లుంటుందో మరిచిపోయాను. నీళ్ల ట్యాంకు షెడ్డు నెత్తిన ఉండేది. ఎండాకాలం సాయంత్రం కొళాయి తిప్పితే నీళ్లు చెయ్యి కాలేంత వేడి. అందుకని తెల్లవారగానే ఎవడి బకెట్ వాడు నింపి మంచం కింద దాచుకునేవాడు. ఎవడైనా ఆ నీళ్లు ముట్టుకుంటే ఇక ఆ రోజు గదిలో యుద్ధమే.

మా గదికి పెద్ద ఖాదర్ భాయ్. నెల్లూరు మనిషి, తురకాయన, అరబ్బీ అక్షరం ముత్యంలా రాసేవాడు. బోర్డు మీద కుడి నుంచి ఆయన, ఎడమ నుంచి నేను ఇంగ్లీషు రాసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవాళ్లం. వంట ఆయనదే, తిట్టడం కూడా ఆయనదే. పని కాగానే బ్రష్షులన్నీ కిరోసిన్‌లో కడిగి, కుచ్చులు వేళ్లతో సాపు చేసి, పాత బనీను గుడ్డలో చంటిపిల్లల్లా చుట్టి పడుకోబెట్టేవాడు. నేను బ్రష్షు అట్లాగే డబ్బాలో వదిలేస్తే, "ఏందబ్బయా, దాన్ని అట్టా ముంచి పోతే రేపటికి చీపురు కట్టై కూర్చోదా? నీకు అన్నం ఎవురు పెడతుండారు, అది కాదా?" అని గొణిగేవాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక మాంసం కూర చేసి, చింతపండు పులుసు పిండి, మా అందరికీ తనే వడ్డించేవాడు. ఆయన తినడం చివర. ఆ గదిలో ఇల్లు అన్న మాట గుర్తొచ్చేది ఆ ఒక్క పూటే.

మా వీసాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ అరబ్బును కఫీల్ అంటారు. దిగిన రోజే మా పాస్‌పోర్టులు తీసుకుని తన ఆఫీసులో ఇనప బీరువాలో పెట్టాడు. అందరు కఫీళ్లూ చేసేదే అది. తాళంచెవి ఆయన పొడుగు చొక్కా జేబులో ఉండేది, నడుస్తుంటే చప్పుడయ్యేది. మనిషి ముసలివాడు, చెడ్డవాడు మాత్రం కాదు. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది. కుర్రతనంలో పడవల మీద బొంబాయికి వచ్చి పోయేవాడట, అందుకని మాతో హిందీలోనే మాట్లాడేవాడు. దానికి లింగం లేదు, వచనం లేదు, మధ్యమధ్య అరబ్బీ ముక్కలు పడేవి. మా హిందీ మాత్రం అంతకంటే ఏం గొప్పది? ఆయనదీ మాదీ కలిసి బాగానే నడిచేది, ఒక్క రోజు తప్ప.

ఒప్పందం రెండేళ్లకు. అది దాటి ఏడు నెలలైనా ఇదిగో అదుగో అంటూ సెలవు ఇవ్వలేదు. ఇంతలో కఫీల్ షార్జాలోనే రోలా అనే చోట హోటలు పెట్టాలనుకున్నాడు. బజారు నడిబొడ్డున హాలు. దాని పొడుగాటి గోడంతా బొమ్మ వేయాలన్నాడు. "హరా హోనా, పానీ హోనా, జబల్ హోనా," అని చేతులు చాపి చూపించాడు. పచ్చగా ఉండాలి, నీళ్లుండాలి, కొండ ఉండాలి. ఎండలో పడి వచ్చినవాడు తింటూ ఆ గోడ చూసి చల్లబడాలని ఆయన కోరిక. నేను అక్షరాల మనిషిని. బొమ్మలంటే లక్ష్మీదేవి, మామిడి తోరణం, సబ్బు బిళ్ల, అంతే. మా ఊరి గుట్టలు వేద్దామా అంటే అవి సగం బోడిరాళ్లు. అప్పుడు రోమీ, "నా దీవి వెయ్," అన్నాడు.

రోమీ మా షెడ్డులో బోర్డులకు చెక్క ఫ్రేములు చేసే వడ్రంగి. ఫిలిప్పీన్స్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, మూడేళ్లుగా ఇంటి ముఖం చూడనివాడు. ఇంగ్లీషు, కొంచెం హిందీ, మిగతాది చేతులు. గోడకు పరంజా కట్టడానికి అతన్ని నాతో పంపారు. హాల్లో కొత్త అద్దాలు, కుర్చీలు దింపి ఉన్నాయని వాచ్‌మన్ పొద్దున మమ్మల్ని లోపలికి పంపి బయట తాళం వేసేవాడు. మధ్యాహ్నం తిండికి ఒకసారి తీసేవాడు, సాయంత్రం మళ్లీ. కిటికీలకు కాగితాలు అంటించి ఉండేవి. బయట రోలా బజారు హోరు, టాక్సీల హారన్లు, రోడ్డు మీద ఎవరో మలయాళంలో బేరమాడటం, ఎవరో ఉర్దూలో నవ్వడం అన్నీ వినపడేవి, ఒక్క మనిషీ కనపడేవాడు కాడు. పాస్‌పోర్టు బీరువాలో, మేం హాల్లో.  నెలన్నర పాటు పొద్దున్నే ఆ తాళం పడే చప్పుడు విన్నాను.

ఆ తాళం లోపల రోమీ తన దీవిని చెప్పేవాడు, నేను వేసేవాణ్ని. మొదట సిమెంటు నేల మీద సుద్దముక్కతో గీశాడు, బత్తాయి గింజ ఆకారం. చుట్టూ ఒకటే రోడ్డు, పొద్దున ఎక్కడ బయల్దేరితే మధ్యాహ్నానికి మళ్లీ అక్కడికే వస్తారట. అంత చిన్న దీవిలో ఊళ్ల కంటే అగ్గి గుట్టలే ఎక్కువట. "మీ దగ్గర గుడులు ఉన్నట్టు మా దగ్గర అవి," అన్నాడు. వాటిలో ఒకటి నిద్ర పట్టని గుట్ట. అతనికి ఐదారేళ్ల వయసులో అది పగిలింది. పట్టపగలు చీకటై, బూడిద వానలా రాలి, కొబ్బరి మట్టలు బరువుకు విరిగి పడ్డాయట. గుట్ట పక్క తెరిచి వేడి గాలి దిగిన చోట ఊరికి ఊరే పోయింది. వాళ్లమ్మ తడి గోనెసంచి కప్పి, అతన్ని చంకనేసుకుని పడవ ఎక్కింది. "వెనక గుట్ట, ముందు నీళ్లు. ఎక్కడికి ఉరకాలి?" అన్నాడు రోమీ. చెబుతూనే నా చేతిలో బ్రష్షు తీసుకుని, "ఆ లోయ ఎడమ పక్క. ఎడమ పక్క! అక్కడి నుంచే దిగింది," అని దిద్దాడు. ఆ లోయను నాచేత నాలుగుసార్లు చెరిపించాడు.

బూడిద పడ్డ నేల కాబట్టే అక్కడ పచ్చదనం అంత మొండిది అనేవాడు. పుల్ల గుచ్చితే చెట్టవుతుందట. లాన్‌జోనెస్ అని ఒక పండు, గుత్తులు గుత్తులుగా కొమ్మనే పట్టుకుని కాస్తుంది. తోలు లేత గోధుమరంగు, లోపల మన ముంజె లాంటి తెల్లటి తొనలు, తియ్యగా, చివర్లో కొంచెం పులుపు. ఆ పండు మాట చెప్పేటప్పుడు గుటక వేసేవాడు. అడవిలో ఒకే దూకుడుగా పడే జలపాతం, తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టినంత ఎత్తు. ఒకచోట నేలలోంచి వేడినీళ్లు ఊరతాయి, జనం పులుసులో ముక్కల్లా అందులో కూర్చుంటారు. ఇంకో చోట మంచులాంటి చల్లటి నీళ్లు ఊరతాయి. రెండూ ఒకే గుట్ట కింద నుంచి. ఇదెట్లా సాధ్యం అని నేను కొట్లాడాను. "నాకేం తెలుసు? గుట్టను అడుగు," అన్నాడు. తాతల కాలంలో ఇంకో గుట్ట లేచినప్పుడు ఊరి శ్మశానం సముద్రంలోకి కుంగిపోయిందట. ఇప్పటికీ నీళ్లు తేటగా ఉన్న రోజు పడవలోంచి సమాధులు కనపడతాయని, వాటి మీద చేపలు తిరుగుతాయని చెప్పాడు. తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. కొంచెం దూరంలో నీళ్ల మధ్య తెల్లటి ఇసుక తిన్నె, చెట్టు లేదు, గుడిసె లేదు. పోటు వస్తే సన్నబడుతుంది, పాటుకు పెద్దదవుతుంది, ఒక రోజు ఉన్న ఆకారంలో మరో రోజు ఉండదు. "అయితే దాన్ని ఏ ఆకారంల వెయ్యాలె?" అన్నాను. రోమీ సుద్దముక్క తీసుకుని, "నేను వచ్చేసిన రోజు ఉన్నట్టు," అన్నాడు. అతను గీసి చూపించినట్టే వేశాను.

అట్లా గుట్ట అయింది, అడవి అయింది, జలపాతం అయింది. సముద్రం మిగిలింది. ఆ రోజుల్లోనే నాకు ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. అప్పుడు ఉత్తరాలు రాయలేనివాళ్లు టేపు రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, వచ్చేవాళ్ల చేతిలో ఆ క్యాసెట్ పంపేవారు. మా అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. బీడీలు చుట్టి నన్ను పెంచింది మా అక్క. క్యాసెట్‌లో ఒక వైపు అక్కే మాట్లాడింది. ఎప్పటిలాగే తిన్నావా, పన్నావా, ఖాదర్ భాయ్‌కి శనార్తి చెప్పు అంది. గొంతు మాత్రం నీరసంగా, ఆగి ఆగి వచ్చింది. రెండో వైపు తిప్పితే మా బావ. ఎవరూ లేనప్పుడు చేసినట్టున్నాడు, గుసగుసగా. "బామ్మర్దీ, మీ అక్కకు కడుపుల గడ్డ అయింది. పెద్ద దవాఖాన్ల కోసి చూసి మళ్ల కుట్టేసిండ్రు. ఇంటికి తోల్కపొమ్మన్నరు. ఎన్ని దినాలో చెప్పరాదన్నరు. నువ్వొక్కసారి వచ్చి చూసిపో. నేను చెప్పిన్నని చెప్పకు." ఆ క్యాసెట్‌ను వెనక్కి తిప్పి ఎన్నిసార్లు విన్నానో. వేరే మాట ఏదైనా వినపడుతుందేమోనని వినేవాణ్ని.

మర్నాడే ఖాదర్ భాయ్‌ని వెంటబెట్టుకుని కఫీల్ దగ్గరికి పోయి చెప్పుకున్నాను. ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ తల ఊపాడు. "దీవార్ ఖలాస్, బాద్ మే బాత్," అన్నాడు. గోడ అయిపోనీ, తర్వాత మాట్లాడదాం అని. ఖాదర్ భాయ్ ఇంకో మాట అనబోయాడు గానీ ఆయన చెయ్యెత్తాడు. దారిలో ఖాదర్ భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడవబాక అబ్బయా. బిరబిరా వేసెయ్, నేను మళ్లా అడుగుతా," అన్నాడు.

బిరబిరా వేశాను. అక్కడే వచ్చింది చిక్కు. నేను పుట్టి బుద్ధెరిగి చూసింది చెరువులు. షార్జాలో సముద్రం పక్కనే ఉందంటే ఉంది గానీ, మాకు పని షెడ్డులో, పడక షెడ్డు వెనక. ఎప్పుడో ఒక శుక్రవారం ఓడల రేవు దగ్గర నూనె తేలే నీళ్లు చూశాను. రోమీ ఎంత చెప్పినా నా చేతికి వచ్చింది చెరువే. నీళ్లు కదలకుండా పడి ఉన్నాయి. కఫీల్ చూడటానికి వచ్చాడు. గుట్ట చూసి "మాషా అల్లా" అన్నాడు, జలపాతం ముందు నిలబడి గడ్డం నిమురుకున్నాడు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి ముఖం మారింది. తల అడ్డంగా ఊపాడు. "యే పానీ మర్ గయా," అన్నాడు. ఈ నీళ్లు చచ్చిపోయాయట. కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసి, "కల్ సుబహ్ తుమ్ బహర్ జాయేగా. తయ్యార్ రహో," అనేసి వెళ్లిపోయాడు.

 రేపు పొద్దున నువ్వు బాహర్ పోతావు, సిద్ధంగా ఉండు! మా క్యాంపుల్లో బాహర్ అంటే ఒకటే అర్థం. గేటు బయటికి కాదు, దేశం బయటికి. ఎవణ్నైనా పనిలోంచి తీసేస్తే 'వాణ్ని బాహర్ చేసిండ్రు' అనేవాళ్లం. నా సముద్రం నచ్చక నన్ను పంపించేస్తున్నాడు! లోకంలో పని ఊడినందుకు అంత సంబరపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు. రోమీని పట్టుకుని గట్టిగా కౌగిలించుకున్నాను. అతను కూడా నమ్మాడు. నవ్వాడు గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత వెళ్లి తన తెల్లటి ఇసుక తిన్నె ముందు కూర్చున్నాడు.

ఖాదర్ భాయ్ ఆ రోజు ఉండి ఉంటే ఒక్క మాటతో తేల్చేసేవాడు. బోర్డు బిగించడానికి అబూదాబీ పోయాడు, రెండు రోజులకు గానీ రాడు. గదిలో మిగిలినవాళ్లం అందరం నాలాంటి పండితులమే. సాయంత్రానికి నా దుప్పటి ఒకడికి, స్టవ్వు ఇంకొకడికి, చల్లటి బకెట్ మరొకడికి పంచేశాను. మెట్‌పల్లి దిక్కు మల్లేశం అనేవాడు ఆ సాయంత్రమే విమానానికి బయల్దేరుతుంటే టాక్సీ దాకా ఉరికి, "మా అక్కకు చెప్పు, ఎల్లుండికల్ల ఇంట్ల ఉంట అని చెప్పు. సీదా మా ఇంటికే పొయ్యి చెప్పు," అన్నాను. "నీ నోట్ల చక్కెర వొయ్య, నేను చెప్పకుంట ఇంటికి పోత్నా?" అన్నాడు వాడు. పుణ్యాత్ముడు, అన్నట్టే చేశాడు.

పొద్దున ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు వేసుకుని సూట్‌కేసుతో గేటు దగ్గర నిలబడ్డాను. కఫీల్ తనే పికప్ నడుపుకుంటూ వచ్చాడు. సూట్‌కేసు వైపు చూసి, "యే క్యా?" అన్నాడు. "కప్‌డా," అన్నాను. బట్టలు. ఆయన కొంచెం వింతగా చూసి, సరే పెట్టు అన్నట్టు చెయ్యి ఊపాడు. బండి దైద్ రోడ్డెక్కింది. షార్జా ఎయిర్‌పోర్టు ఆ రోడ్డు మీదే కాబట్టి నాకు ఇంకేం అనుమానం మిగల్లేదు. దూరంగా దాని గుమ్మటాలు కనిపించాయి, దగ్గరికి వచ్చాయి. నేను సూట్‌కేసు పిడి పట్టుకుని సర్దుకుని కూర్చున్నాను. బండి ఆగలేదు, నెమ్మదించను కూడా లేదు. గుమ్మటాలు పక్క నుంచి వెనక్కి పోయాయి. తిరిగి చూశాను. ఇంకో దారి ఉందేమో, ముందు ఎక్కడో మలుపు ఉందేమో అనుకున్నాను. సూట్‌కేసు పిడి మాత్రం వదల్లేదు. ఇసుక గడిచింది, దైద్ తోటలు గడిచాయి, కొండలు మొదలయ్యాయి, ఒక్క గడ్డిపోచ లేని మసి రంగు కొండలు. మసాఫీ దగ్గర ఆయన బండి ఆపి నాకు టీ తాగించాడు. ఎంత మంచిగా! నేను వచ్చిన దారి వైపే చూస్తుంటే, ఇంకో గ్లాసు కావాలా అని అడిగాడు.

కొండ దిగి ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా నీళ్లు. అది ఖోర్‌ఫక్కాన్ అనే ఊరు. కఫీల్ ఒడ్డున బండి ఆపి, దిగి, చెప్పులు విడిచి, చెయ్యి పొడుగ్గా చాచి, "హాదా బహర్. దేఖో," అన్నాడు. ఇదీ బహర్. చూడు.

అప్పుడు తెలిసింది నాకు. అరబ్బీలో బహర్ అంటే సముద్రం. నేను సూట్‌కేసు ఇసుకలో పెట్టి దాని మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు, పెద్దగానే ఏడ్చాను. కఫీల్ మొదట సంతోషించాడు. సముద్రం చూసి మనసు కరిగిందనుకున్నాడు. నా పక్కన ఇసుకలో కూర్చుని, ఎంతో ఓపిగ్గా, వేలు పెట్టి రంగులు చూపించాడు. ఒడ్డున ఇసుక కలిసిన రంగు, తర్వాత గాజుసీసా పచ్చ, ఆ అవతల సిరా నీలం. అల విరిగే ముందు దాని పొట్టలోంచి వెలుతురు ఎట్లా కనపడుతుందో చూడమన్నాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. ఒక్కటీ నాకు అక్కర్లేదు. కాసేపటికి నా ముఖం సరిగ్గా చూసి, ఏమైంది అని అడిగాడు. వచ్చిన హిందీలో చెప్పాను, మీరు బాహర్ అన్నారనుకున్నా, ఇంటికి పంపుతున్నారనుకున్నా అని. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. తలపాగా జారేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ సూట్‌కేసు వైపు చూసి మళ్లీ నవ్వాడు. నాకు ఆయన్ని ఆ నీళ్లల్లో ముంచాలనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

నవ్వు ఆగాక, ఇంటికి అంత తొందరేమిటి అన్నాడు. "బహెన్ మర్ రహీ హై," అన్నాను. అక్క చచ్చిపోతోంది. ఆయన ముఖం మారిపోయింది. "పహ్‌లే క్యోం నహీ బోలా?" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదట! "బోలా," అన్నాను. చెప్పాను. ఫోనులో మాట్లాడుతూ తల ఊపారు అన్నాను.  ఆయన జేబులోంచి తాళంచెవి తీసి చూసుకుని మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఇప్పుడే ఇచ్చేస్తాను పద అంటాడేమోనని చూశాను. చివరికి, "పహ్‌లే బహర్, బాద్ మే బాహర్. కలామ్," అన్నాడు. ముందు సముద్రం, తర్వాత బయటికి, మాట ఇస్తున్నాను అని. నేను లేచి ప్యాంటుకున్న ఇసుక దులుపుకుని, నీళ్ల అంచు దాకా పోయి, రంగులు చూడటం మొదలుపెట్టాను. ఇంకేం చేయగలను?

ఐదు రోజుల్లో ఆ సముద్రం వేశాను. రోజూ పొద్దున తాళం పడేది. ఖాదర్ భాయ్ అబూదాబీ నుంచి వచ్చి సంగతి విని, నవ్వాలో తిట్టాలో తెలియక, "అరె అబ్బయా, ఆడ నేనొక్కణ్ని లేకుండా పోతినే," అని తల కొట్టుకున్నాడు. దుప్పటి, స్టవ్వు తిరిగిచ్చేశారు మావాళ్లు. బకెట్ తీసుకున్నవాడు మాత్రం ఇవ్వలేదు. సముద్రం నిలబడి చూసి రోమీ, "ఇది మాది కాదు. మాది ఇంకా మెత్తన. కానీ బతికుంది," అన్నాడు. కఫీల్ మాట తప్పలేదు. బీరువా తీశాడు. ఆఫీసు కాగితాలకు, ముద్రలకు ఇంకో పది రోజులు పట్టింది. ఇప్పుడు మా అబ్బాయి పాస్‌పోర్టు వాడి సొరుగులోనే ఉంటుంది, పాత కరెంటు బిల్లుల కింద. పోయినసారి నేను వెళ్లినప్పుడు దాని కోసం ఇల్లంతా వెతికి, దొరక్క విసుక్కున్నాడు. ఆ విసుగు చూసి నాకు ఎంత ముచ్చటేసిందో వాడికి చెప్పలేదు. రోలాలో ఆ హోటలు ఇప్పుడు లేదు, ఆ బిల్డింగే లేదు. రోమీ నా తర్వాత ఎప్పుడు ఇల్లు చేరాడో, చేరాడో లేదో నాకు తెలియదు. మా అబ్బాయి పంపిన ఫొటోల్లో ఆ తెల్లటి తిన్నె కూడా ఉంది. వేరే ఆకారంలో ఉంది.

నేను ఊళ్లో బస్సు దిగేసరికి మల్లేశం మాట చెప్పి పద్దెనిమిది రోజులైంది. ఎల్లుండి అన్న మాట పట్టుకుని అక్క మంచాన్ని వాకిట్లోకి వేయించుకుంది, బస్సు ఆగే చోటు కనపడేలా. పద్దెనిమిది రోజులూ అక్కడే. ఎండకు లోపలికి జరుపుతామంటే బావను తిట్టిందట. నేను దగ్గరికి పోతే గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది ఆమెకు. నాకూ పట్టింది, అంతగా తగ్గిపోయింది. ఎందుకు ఆలస్యమైందని ఒక్క మాట అడగలేదు. మంచం పట్టె మీద కూర్చోబెట్టుకుని, "దుబాయ్ ఎట్లుంటదిరా తమ్మీ?" అంది.

రేకుల షెడ్డు చెప్పాలా? బీరువా చెప్పాలా? బయట వేసే తాళం చెప్పాలా? "మస్తుగుంటదక్కా," అన్నాను. "చుట్టూత నీళ్లు. నడుమ పెద్ద గుట్ట, దాని నెత్తిన ఎప్పటికి మబ్బే. ఎటు చూసినా పచ్చగ. మేముండే కాడ్నే గుట్ట మీదికెల్లి నీళ్లు దుంకుతయి, ఆ తుంపర్లు మా మంచాల మీద వడ్తయి." వేడి ఊట చెప్పాను, చల్లటి ఊట చెప్పాను. గుత్తులు గుత్తులుగా కాసే పండు చెప్పాను, పని దిగినంక చెట్టు కిందనే కూర్చుని తింటమని చెప్పాను. అక్క కళ్లు మూసుకుని వింది. ఒక్కోసారి పెదవుల మీద నవ్వు వచ్చి పోయింది. నమ్మింది అనుకున్నాను, నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు కళ్లు మూసుకునే నా ముంజేతిని పట్టుకుని, వెనక్కి తిప్పి, బీడీ ఆకును సాపు చేసినట్టు బొటనవేలితో మెల్లగా నిమిరింది.

"గంత సల్లటి జాగల ఉండొస్తే నీ పెయ్యి గిట్లెందుకు మాడిందిరా?" అంది.

 చెయ్యి లాక్కోబోతే వదల్లేదు.

"సరే తియ్యి," అంది అక్క. "నువ్వు చెప్పు. ఇంకేమేమున్నయ్ ఆడ?"